వృద్ధాశ్రమ సిబ్బందికి ప్రవర్తనా ఆరోగ్య శిక్షణ: ఏం నేర్పుతారు, మన జిల్లాల్లో పరిస్థితి ఏంటి?

శ్రీకాకుళం, విజయనగరం: మతిమరుపు, దిగులు, ఉన్నట్టుండి గందరగోళం, రాత్రిళ్లు లేచి తిరగడం, స్నానం చేయించబోతే చేయి విసరడం... వయసు మళ్లిన వాళ్లలో ఇలాంటివి కనిపించినప్పుడు సిబ్బంది ఎలా మసలుకోవాలో నేర్పేదే బిహేవియరల్ హెల్త్ ట్రైనింగ్. తెలుగులో ప్రవర్తనా ఆరోగ్య శిక్షణ అనుకోవచ్చు. పేరు పెద్దదే కానీ అసలు పాఠం చిన్నది. పెద్దాయన మొండికేస్తున్నాడని తేల్చేసే ముందు, ఎందుకలా చేస్తున్నాడో కనుక్కోవాలి.

ముందు మాట తేడా ఒకటి చెప్పుకోవాలి. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే పది ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రి. అది 2002 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద రిజిస్టర్ అవుతుంది. అమెరికాలో అదే మాటకు అర్థం వేరు, పెద్దవాళ్లు నెలలూ ఏళ్లూ ఉండే సంరక్షణ కేంద్రం. దానికి మన దగ్గర దగ్గరగా ఉండేది వృద్ధాశ్రమం, లేదంటే ఇంటికొచ్చి చూసుకునే ఆయా, అటెండెంట్.

ఉత్తరాంధ్రలో ఈ విషయం ఎందుకు ముఖ్యమో వివరించక్కర్లేదు. శ్రీకాకుళం వలసల జిల్లా. కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో గల్ఫ్‌లోనో ఉంటాడు, ఊళ్లో అమ్మీ, అబ్బా మిగులుతారు. 2011 లెక్కల ప్రకారం దేశంలో 60 దాటినవాళ్లు 8.6 శాతం అయితే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం. 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది.

ఫజర్‌కి లేచిన మనిషి

శిక్షణలో మొదట నేర్పే పద్ధతి తేలికైనదే. ఏదైనా జరిగినప్పుడు మూడు సంగతులు రాసుకోవాలి: దానికి ముందు ఏం జరిగింది, మనిషి ఏం చేశాడు, తర్వాత ఏమైంది. నాలుగైదు రోజులు రాస్తే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. డిమెన్షియా ఉన్న ఒక ముస్లిం పెద్దాయన రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, చీకట్లో తడుముకుంటూ కుళాయి దగ్గరికి వెళ్తాడు. నైట్ డ్యూటీలో ఉన్న కుర్రాడు “ఏటి తాతా, ఈ టయింలో ఎక్కడికి” అని చేయి పట్టి లాగుతాడు. ఆయన అరుస్తాడు, తోసేస్తాడు. రిజిస్టర్‌లో మాత్రం ‘రాత్రి గొడవ చేశాడు’ అని పడుతుంది. అసలు సంగతి, యాభై ఏళ్ల అలవాటు ప్రకారం ఆయన వజూకి వెళ్తున్నాడు. ఏ ఊళ్లో ఉన్నాడో మరిచిపోయినా శరీరం ఫజర్ వేళని మరిచిపోలేదు. లైటు వేసి, జారని చోట కుర్చీ వేసి, చెంబుతో నీళ్లు పెడితే గొడవే ఉండదు. మందుతో పనిలేదు. పొలానికో వేటకో చీకటితోనే బయల్దేరిన రైతు, మత్స్యకారుడు అయినా ఇంతే.

భాష సంగతి ఇంకోటి. డిమెన్షియా ముదిరేకొద్దీ చాలామందిలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, ఇంట్లో మొదట మాట్లాడిన భాష మిగులుతుంది. జీవితమంతా బజార్లో తెలుగు మాట్లాడిన నానీ ఒక్కసారిగా ఉర్దూలోనే జవాబిస్తే, తెలుగే తెలిసిన ఆయాకి అది అర్థంలేని గొణుగుడు అనిపిస్తుంది. నీళ్లు, నొప్పి, బాత్రూమ్, ఆకలి లాంటి పది పదిహేను ఉర్దూ మాటలు ఒక కాగితం మీద తెలుగు లిపిలో రాసి మంచం పక్కన అంటించడానికి ఖర్చేమీ ఉండదు. రెండు భాషల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒక్క భాషే తెలిసినవాళ్ల కంటే రెండు అంతకుమించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురాని వాళ్లలోనూ ఈ తేడా కనిపించింది.

ఒక్క రోజులో మారితే అది వయసు కాదు

సిబ్బందికి ఏదైనా ఒక్క విషయమే నేర్పే వీలుంటే, ఇదే నేర్పాలి. డిమెన్షియా నెలలూ సంవత్సరాలూ తీసుకుని ముదురుతుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ మనుషుల్ని గుర్తుపట్టకపోతే, లేనివి కనిపిస్తున్నాయంటే, లేదా అస్తమానం మత్తుగా పడి ఉంటే, అది డెలీరియం కావచ్చు. దాని వెనక మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నిమ్ము, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా ఉండొచ్చు. అరిచే మనిషిని అందరూ గమనిస్తారు, మత్తుగా పడి ఉన్న మనిషిని ‘ఇవాళ నెమ్మదిగా ఉంది మామ్మ’ అని వదిలేస్తారు. ప్రమాదం రెండోదాంట్లో ఎక్కువ. ఇది ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పరిస్థితి, మర్నాటి దాకా ఆగకూడదు.

శ్రీకాకుళం జిల్లాలో దీనికి అదనపు కారణం ఉంది. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంతగా పాకిందో తెలిసిందే. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి మామూలు మోతాదు మందు కూడా ఒంట్లో పేరుకుపోయి గందరగోళం తేవచ్చు. ఆ వ్యర్థాలు పెరిగినా మెదడు మందగిస్తుంది. ఆ ప్రాంతం నుంచి వచ్చిన పెద్దవాళ్ల విషయంలో కిడ్నీ రిపోర్టు చూపించకుండా మెడికల్ షాపులో నిద్రమాత్రలో నొప్పి మాత్రలో కొనివ్వడం చాలా చెడ్డ అలవాటు.

దిగులు వ్యాధి సంగతికి వస్తే, పెద్దవాళ్లలో అది ఏడుపుగా కనిపించకపోవచ్చు. అన్నం మానేయడం, ఒళ్లు నొప్పులంటూ ఉండడం, ‘అల్లా త్వరగా తీసుకుపోతే బాగుణ్ణు’ అనడం దాని రూపాలే. ఆ చివరి మాటని భక్తిగా తీసుకుని తల ఊపేయకుండా, కూర్చుని అడగాలని శిక్షణ చెబుతుంది. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు.

కట్టేయడం, మత్తులో ఉంచడం

సిబ్బంది చాలని చోట జరిగేవి రెండు: పాత చీరతో మంచానికి కట్టడం, మత్తు మాత్ర ఇవ్వడం. కట్టేసిన మనిషి విడిపించుకోబోయి పడతాడు, పుండ్లు పడతాయి. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకి యాంటీసైకోటిక్ మందులు వాడితే మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే గట్టి హెచ్చరిక ఇచ్చింది. డాక్టరు అవసరమని రాస్తే వేరు, తక్కువ మోతాదులో, కొద్దికాలం, మళ్లీ సమీక్షిస్తూ వాడతారు. డ్యూటీ తేలికవ్వాలని ఇవ్వడం వైద్యం కాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. మానసిక వైద్య సంస్థల్లో సైతం, తక్షణ ప్రమాదం ఆపడానికి వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితోనే కట్టడి చేయాలి. సిబ్బంది తక్కువున్నారన్న సాకుతో చేయకూడదని చట్టంలోనే రాసి ఉంది. వైద్య సంస్థకే ఇంత కట్టుబాటు ఉంటే, వృద్ధాశ్రమంలో ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టేయడం ఏ లెక్కన సరి?

చట్టం ఎక్కడ ఆగింది?

అమెరికాలో 1987 చట్టం నర్సింగ్ హోమ్ సహాయకులకి కనీసం 75 గంటల శిక్షణ తప్పనిసరి చేసింది. ఏటా 12 గంటల అదనపు శిక్షణ కూడా ఉంది. డిమెన్షియా సంరక్షణ మీద ‘హ్యాండ్ ఇన్ హ్యాండ్’ అనే వీడియో పాఠాల్ని 2012లో అక్కడి ప్రభుత్వం నర్సింగ్ హోమ్‌లకి పంపింది. ప్రవర్తనా ఆరోగ్య శిక్షణ 2019 నవంబరు 28 నుంచి నిబంధన అయింది. వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు సహా సిబ్బంది అందరికీ శిక్షణ ఉండాలన్నది అందులో మంచి సంగతి. ఎందుకంటే పెద్దవాళ్లతో ఎక్కువ మాట్లాడేది తరచూ వాళ్లే.

మన దగ్గర 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేద పెద్దలకి చోటుండేలా, ఏర్పాటు చేయవచ్చని రాష్ట్రాలకి చెప్పింది. ఆశ్రమాల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు, ఇంటికొచ్చే సంరక్షకుల ఏజెన్సీల నియంత్రణ చేరుస్తూ 2019 డిసెంబరులో సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. అది చట్టం కాకుండానే ఆ సభ కాలం ముగిసింది. దాంతో శిక్షణ నిర్వాహకుల ఇష్టం మీదే నడుస్తోంది. పనివాళ్లు నెలల్లో మానేస్తారు, నేర్పిన ఖర్చు వృథా అని వాళ్లంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఒక్క పెద్దాయన పడి తుంటి విరిగితే అయ్యే ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే రెండు రోజుల శిక్షణ ఖర్చు ఏ మూలకి?

నేర్చుకోవాలనుకునే వాళ్లకి దారులు లేకపోలేదు. హెల్త్‌కేర్ స్కిల్ కౌన్సిల్ వాళ్ల జెరియాట్రిక్ కేర్ కోర్సు ఉంది. ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ కూడా వృద్ధుల సంరక్షణ కోర్సులు నడుపుతోంది. దగ్గరలో పెద్ద మానసిక వైద్యశాల అంటే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ ఆసుపత్రే. శ్రీకాకుళం నుంచి అది వంద కిలోమీటర్లకు పైమాటే. అందుకే ప్రతిదానికీ అక్కడికి పరుగెత్తకుండా సిబ్బందికే మొదటి చర్యలు తెలియాలి.

ఆశ్రమంలో చేర్పించే కుటుంబాలు అడగాల్సినవి: రాత్రి డ్యూటీలో ఎంతమంది, పెద్దవాళ్లు అరిస్తే ఏం చేస్తారు, ఎవరినైనా కడతారా, మత్తు మందు ఎవరు రాస్తారు, అమ్మీకి స్నానం ఆడమనిషే చేయిస్తుందా. మీరు ఇవ్వాల్సిందీ ఒకటుంది. ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, నమాజ్ వేళలు, తినేవి తిననివి, దేనికి భయపడతారు, రంజాన్‌లో మందుల వేళలపై డాక్టరు ఏమన్నారు, ఇవన్నీ ఒక పేజీలో రాసి ఇవ్వండి.

వృద్ధులపై వేధింపు, నిర్లక్ష్యం గురించి ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయొచ్చు. మానసిక సమస్యలపై టెలి మానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ రెండు నంబర్లకీ కుటుంబాలే కాదు, సిబ్బంది కూడా చేయొచ్చు.