పులస పక్షమువారి పరిహాసములు

గోదావరికి ఎఱ్ఱనీరు దిగు దినములలో పుస్తెలమ్మియైనను పులస తినవలెనని మన జిల్లాలవారు చెప్పుకొందురు. ఆ చేపయే సముద్రమును విడిచి, పద్మా గంగా ప్రవాహములకు ఎదురీది, వంగదేశమున ఇలిష్ అను పేర మనకడకంటె మిక్కుటమైన పూజలందుకొనుచున్నది. మన బజారులలో దాని వెల వఱదను బట్టియు వలను బట్టియు ఎక్కి దిగుచుండును. కలకత్తాలోనైతే ఈ రెంటికిని తోడు మఱియొక కారణము కలదు: క్రిందటి సాయంకాలము ఫుట్‌బాల్ ఆటలో ఈస్ట్ బెంగాల్ గెలిచెనా, మోహన్ బగాన్ గెలిచెనా యనునది. మొదటిది గెలిచిన నాడు నగరమున పులస కూర, రెండవది గెలిచిన నాడు నీలకంఠ రొయ్యల కూర. ఓడినవారి యింట ఆ పూట ఏమి వండిరో అడుగుట మర్యాద కాదు.

నేను కలకత్తాలో నుండిన కాలమున అట్టి యొక ఉదయమున చేపల బజారుకు పోయితిని. నీళ్లు చల్లిన గచ్చుమీద కత్తిపీట పెట్టుకొని, దాని మొదలు పాదముతో నదిమి కూర్చున్న బేరగాడు, చేతినిండుగా నున్న పులసను నిలువుటలుగుమీదికి ఒత్తి ముక్కలు చేయుచుండగా, వెండిరేకులవంటి పొలుసులు అతని మోచేతుల వఱకు అంటుకొనియుండెను. రోజూ వచ్చు ముసలివాడొకడు, మోహన్ బగాన్ పక్షమువాడు, ప్రక్కగంపలోని రొయ్యల ధర అడిగెను. బేరగాడు తల యెత్తకుండగనే, "నిన్న సాయంకాలము నుండి వాని మొగము చూచినవాడు లేడు దాదా, ఊరకే తీసికొనిపోవుడు" అనెను. చుట్టునున్నవారు ఘొల్లుమనిరి. ముసలివాడు కోపగింపక, పై ఆట నాటికి నీ పులసలకు మంచుగడ్డ సిద్ధము చేసికొనుమని చెప్పి, రొయ్యలకు న్యాయమైన వెల చెల్లించి సంచిలో వేసికొని పోయెను. ఆ మాటలు విన్న పిమ్మటనే నాకొకటి తోచినది: ఈ రెండు సంఘముల చరిత్రను వ్రాయదలచినవాడు కప్పుల జాబితాలను చూచుటకంటె ముందు, అభిమానులు తరతరములుగా నవ్వుచు చెప్పుకొను మాటలను సేకరింపవలెను. వానిలో నొక్కొక్కటి యొక్కొక్క కాలమునకు సాక్ష్యము.

రొయ్య పక్షమువారు పెద్దలు. మోహన్ బగాన్ సంఘము 1889 ఆగస్టు 15వ తేదీన ఉత్తర కలకత్తాలో పుట్టినది. 1911 జూలై 29వ తేదీన ఐ.ఎఫ్.ఏ. షీల్డు తుదియాటలో, ఒక్కడు తప్ప తక్కిన పదిమందియు చెప్పులు లేని కాళ్లతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు అను దొరల పటాలపు జట్టును 2–1 గోళ్లతో ఓడించి, బానిసదేశమున నొక యుత్సవమును కల్పించిరి. మైదానము చుట్టును విఱగబడిన జనములో ఆట కానరానివారికి ఫలితము తెలియుటకై గోళ్ల లెక్క గుర్తించిన గాలిపటములను ఎగురవేసిరి. ఆ సాయంకాలము ఎవరో ఫోర్ట్ విలియం మీది తెల్లవారి పతాకమును చూపి, అది దిగునది ఎప్పుడని అడుగగా, మఱల మీరు షీల్డు గెలిచిన నాడని ప్రత్యుత్తరము వచ్చెనని యొక ఐతిహ్యము కలదు. మోహన్ బగాన్ ఆ షీల్డును మఱల గెలిచినది 1947లో! ముప్పదియాఱేండ్లు పట్టిన ఆ జాప్యమునకు పులస పక్షమువారు నేటికిని ఎత్తిపొడుచుచునే యుందురు. మీరు త్వరపడియుండినచో దేశమునకు స్వాతంత్ర్యము ముందే వచ్చియుండునుగదా యని. ఆ సంవత్సరము తుదియాటలో ఓడినది తమ జట్టే యని మాత్రము వారు త్వరగా దాటిపోవుదురు.

ఈస్ట్ బెంగాల్ పుట్టుక వేఱొక రీతిది. 1920 జూలై 28వ తేదీన జోడాబగాన్ జట్టు మోహన్ బగాన్‌తో ఆడవలసియుండగా, శైలేశ్ బోసు అను తూర్పు వంగీయుని జట్టునుండి తొలగించిరి. ఆ సంఘపు ఉపాధ్యక్షుడైన సురేశ్ చంద్ర చౌధురి అతనిని చేర్చుకొనుడని కోరి, తన మాట చెల్లకపోగా లేచి వెలుపలికి వచ్చెను. దీనిని మన భాషలో అలక యందుము. పెండ్లికొడుకు అలక ఒక గడియారముతోనో పంచెల చాపుతోనో తీఱును; ఈ అలక మాత్రము తీఱక, మూడు దినములు గడచి నాలుగవనాడు, ఆగస్టు 1వ తేదీన, ఒక సంఘమై కూర్చున్నది. రంగుల కథయు ముచ్చటైనదే. చొక్కాలకై వెదకుచు చౌరంగీలోని వైట్‌అవే లెయిడ్లా దుకాణమునకు పోయినప్పుడు అచ్చట వ్రేలాడుచున్న ఎఱుపు బంగారు వన్నెల చొక్కా యొకటి వారి కంటబడగా, అదియే సంఘపు వర్ణమైనదని చెప్పుదురు. 1925 మే 28వ తేదీన నేపాల్ చక్రవర్తి వేసిన ఒక్క గోలుతో లీగులో మోహన్ బగాన్‌ను ఓడించిన పిమ్మట ఆ యెఱుపును బంగారును నగరమంతయు గుర్తించినది.

వారి చిహ్నమైన దివిటీకి మూలము 1930 నాటిది. రెండవ తరగతి లీగులో ముందంజ వేసి పై తరగతికి ఎక్కనున్న వేళ, శాసనోల్లంఘనోద్యమము కారణముగా ఆటలు ఆగిపోయినవి. తమకు రావలసిన స్థానము దక్కదని తెలిసినంతనే అభిమానులు కాగడాలు పట్టుకొని వీథులకెక్కిరి. ఓటమికి దివిటీలు వెలిగించిన జట్టును నేను మఱియొకదానిని ఎఱుగను. గెలిచిన సాయంకాలములలో అభిమానులు చుట్టచుట్టిన వార్తాపత్రికలను అంటించి గ్యాలరీలలో ఎత్తి పట్టుకొనుట ఆ నాటి జ్ఞాపకమే.

దేశవిభజనముతో ఈ పరిహాసములకు కన్నీటి తడి వచ్చినది. ఇల్లు వాకిళ్లు విడిచి తూర్పునుండి వచ్చిన లక్షలాది జనులు సియాల్దా స్టేషను అరుగుల మీదను, పాకలలోను తలదాచుకొనినప్పుడు, పోయిన దేశపు పేరు పెట్టుకొని నిలిచియున్నది వారికి ఈ సంఘ మొక్కటియే. పడమటి వంగీయులు, అనగా ఘోటీలు, వీరిని బాంగాల్‌లని వెక్కిరించిరి. వీరి యాసను, ఎండుచేపల వాసనను, మాటకు ముందు "మా దేశములో" అను పలుకుబడిని ఆడిపోసికొనిరి. ప్రతి కాందిశీకుడును తనకక్కడ చెఱువులు, మామిడితోపులు, ధాన్యపు గాదెలు ఉండెడివని చెప్పుచుండగా, వీరి భూములన్నియు కూడినచో తూర్పు వంగము భరతఖండమునకే మించునని ఘోటీలు లెక్క తేల్చిరి. ఈ హాస్యమును నేడు నవ్వుచు చెప్పువారు బాంగాల్‌లే. నోట చక్కెర లేనిదే ముద్ద దిగనివారికి చెఱువు లోతేమి తెలియునని వారి బదులు. చెఱువు నిజముగా ఉండెనో లేదో, దానిని తలచుకొనక నిద్ర పట్టని తరము మాత్రము నిజముగా ఉండెను. ఆ తరమునకు ఆదివారపు గెలుపు ఒక్క సాయంకాలపు సొంత ఇల్లు.

ఆ కాలముననే, 1949 నుండి 1953 వఱకు, ఈస్ట్ బెంగాల్‌కు పంచపాండవులు దొరకిరి. ముందువరుసలో ఆడిన వేంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అను ఐదుగురిని జనము ఆ పేరనే పిలిచినది. 1949, 1950, 1951 వరుసగా మూడేండ్లు షీల్డు వారిదే. మహాభారతమును ఇంటింట చదువుకొను మనకు ఆ బిరుదులోని ప్రేమ వేఱుగ విప్పి చెప్పనక్కఱలేదు. కాని అందులోని చమత్కారము చూడుడు. బాంగాల్‌ల మానము నిలిపిన ఈ యైదుగురిలో బాంగాల్ ఒక్కడును లేడు, అందఱును దక్షిణాదివారే. అప్పారావు అను పేరు కలకత్తా గ్యాలరీలలో నినాదమై మ్రోగిన దినములుండెనన్నచో మనవారు నమ్ముటకు వెనుదీయుదురు. అహ్మద్ ఖాన్ పాదములకు బంతి అంటుకొని తిరుగుట చూచి, 1948 లండన్ ఒలింపిక్సులో అతనిని పాములవాడని వర్ణించిరి.

పాండవుల సంఖ్య మఱల 1975 సెప్టెంబరు 30వ తేదీన కనబడినది. షీల్డు తుదియాటలో మోహన్ బగాన్ మీద ఐదు గోళ్లు. ఎదురు ఒక్కటియు లేదు. ఓడిన జట్టువారు కొందఱు అభిమానుల ఆగ్రహమునకు వెఱచి ఆ రాత్రి గంగలో పడవమీద గడపిరని చెప్పుకొందురు. నాటినుండి పులస పక్షపు బాలుడు లెక్కలు నేర్చునప్పుడు ఐదు అను అంకెను కొంచెము గట్టిగా పలుకును. దానికి మోహన్ బగాన్‌వారి జవాబు మఱుసటి యేడే లభించినది, అదియు మన హైదరాబాదు కాలినుండి. 1976 లీగులో ఆట మొదలైన 17వ సెకండునకు మహమ్మద్ అక్బర్ గోలు వేసెను. బీడీ వెలిగించుకొనుటకు తల వంచినవానికి అది కనబడియుండదు. ఆ అక్బరునకు అన్న మహమ్మద్ హబీబ్, కలకత్తా పెట్టుకొన్న ముద్దుపేరు బడే మియా. రెండు సంఘములకును ఆడి రెండింటను పూజింపబడినవాడు. 1977లో పేలే న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో ఈడెన్ గార్డెన్సునకు వచ్చినప్పుడు మోహన్ బగాన్‌కు 2–2 సమమును దక్కించిన గోళ్లలో నొకటి ఆయనదే. హబీబ్ ఏ పక్షమువాడని వాదులాడుకొను ముసళ్లను నేను చూచితిని. ఇరుప్రక్కలవారును ఆయనను తమవాడనుచుండగా, ఆ వాదము తెగదు, తెగవలెనని ఎవరికిని లేదు.

ఒక తేదీ వచ్చినప్పుడు మాత్రము నవ్వులు ఆగిపోవును. 1980 ఆగస్టు 16వ తేదీన ఈడెన్ గార్డెన్సులో ఈ రెండు జట్ల ఆట జరుగుచుండగా గ్యాలరీలో చెలరేగిన కలహమునందును తొక్కిసలాటయందును పదునాఱుగురు మరణించిరి. ఏటేట ఆ దినమున ఇరుపక్షములవారును రక్తదానము చేయుదురు. ఏ సీసాలోనిది ఏ పక్షపు నెత్తురో ఎవరును అడుగరు.

పరిహాసము తిరిగి ఎదురు తన్నిన ఉదంతము 1997 నాటిది. ఫెడరేషన్ కప్పు సెమీఫైనలుకు ముందు మోహన్ బగాన్ శిక్షకుడు అమల్ దత్తా, వజ్రాకారమున జట్టును నిలుపు తన పద్ధతి మీది నమ్మకముతో, ప్రత్యర్థులకు కొత్త పేర్లు పెట్టెను: ఒమోలో ఆమ్లెట్టయ్యెను, సోసో 'శొశా' అనగా కీరదోసకాయయయ్యెను, బైచుంగ్ భూటియా చుంగ్‌చుంగ్ అయ్యెను. ఈస్ట్ బెంగాల్ శిక్షకుడైన పి.కె. బెనర్జీ మాటకు మాట చెప్పక, ఆ పేర్లను తన ఆటగాండ్ల చెవులలో మండనిచ్చెను. జూలై 13వ తేదీన సాల్ట్ లేక్ స్టేడియములో దాదాపు 1,31,000 మంది చూచుచుండగా, ఈస్ట్ బెంగాల్ 4–1 గోళ్లతో గెలిచినది; నాలుగింట మూడు ఆ చుంగ్‌చుంగ్ వేసినవే. ఆమ్లెట్టును దోసకాయను పులుసులో కలిపి వడ్డించితిమని పులస పక్షమువారు చెప్పుచుందురు. అంతటి అవమానమైనను, అమల్ దత్తా పేరు చెప్పునప్పుడు వారి కంఠమున ద్వేషము నేను వినలేదు. అతడు తమకు మఱపురాని కథ నొకటి ఇచ్చిపోయెనుగదా.

ఈ పాతకథలు చెప్పుకొను కూటములలో నేనెక్కువగా ఎదురుచూచిన పేరు తులసీదాస్ బలరాంది. సికిందరాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో, పేదయింట పుట్టిన బాలుడు. పోలీసులు పాఱవేసిన బూట్లను చెప్పులు కుట్టువానిచేత ఆటబూట్లుగా మార్పించుకొని తొడిగినవాడు; సాధనకు హైదరాబాదు వచ్చిపోవుటకు అద్దె సైకిలు డబ్బులు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం ఇచ్చెడివాడని తానే చెప్పుకొనినవాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సున భారతజట్టు నాలుగవ స్థానమున నిలిచినప్పుడు అందులో నుండి, మఱుసటి యేడు ఈస్ట్ బెంగాల్‌కు పోయెను. 1960 రోము ఒలింపిక్సున హంగరీ మీదను పెరూ మీదను గోళ్లు వేసెను. 1961లో ఆ సంఘమునకు నాయకుడై లీగు గెలిపించెను. 1962లో జకార్తా ఏషియా క్రీడల బంగారు పతకము తెచ్చిన జట్టులో చుని గోస్వామి, పి.కె. బెనర్జీల సరసన నిలిచెను. అనారోగ్యము చేత ఇరువదియేడేండ్లకే ఆట మానవలసివచ్చినను అమ్ముగూడకు తిరిగి రాలేదు. కలకత్తాకు ఎగువను, హుగ్లీ యొడ్డున, ఉత్తరపాడాలో ఇల్లు తీసికొని, 2023 ఫిబ్రవరిలో కన్నుమూయు వఱకు అచ్చటనే యుండెను. ఆషాఢమున మొదటి వానలు పడినంతనే సముద్రమునుండి పులస ఎదురీది వచ్చునది ఆ యొడ్డు ప్రక్కనుండియే.