బరి మారిన బలశాలి

శ్రీకాకుళం పట్టణానికి ఆనుకొని ఉన్న అరసవల్లిలో ఏటా రెండు పర్యాయాలు, మార్చిలోను అక్టోబరులోను, ఉదయసూర్యుని కిరణాలు ఆలయద్వారాలు దాటి స్వామి పాదాలను తాకుతాయి. మొదటిసారి సూర్యుడు ఉత్తరదిశగా సాగుతూ ఉంటాడు, రెండవసారి దక్షిణదిశగా. దారి వేరు, వెలుగు ఒక్కటే.

అరసవల్లి నుండి పట్టణంలోనికి వస్తే అక్కడి క్రీడాప్రాంగణానికి కోడి రామమూర్తినాయుడుగారి పేరు ఉన్నది. ఆ మహాబలుని జీవితంలో కూడా దారి ఒకసారి మారినది. మల్లునిగా పేరు పొందుతున్న యౌవనంలో ఆయన కుస్తీబరిని దాటి వేరొక విద్యను చేపట్టినారు. ఇన్నేళ్లు ఆడిన ఆటను విడిచి మరొక ఆటకు పోవచ్చునా అనే సందేహం నేటి యువకులకు సైతం ఉన్నది గనుక, ఆ కథను ఈ కోణం నుండి చూడడం ఉచితమని మేము తలచినాము.

రామమూర్తిగారి జన్మస్థలం వీరఘట్టం. బాల్యంలోనే ఆయన విజయనగరంలో పోలీసు ఉద్యోగియైన పినతండ్రి నారాయణస్వామిగారి ఇంటికి చేరినారు. చదువుకంటె తాలింఖానా మీదనే మక్కువ. కుస్తీలో ఆరితేరినారు. పినతండ్రి ఆయనను మద్రాసు చెంతనున్న సైదాపేటకు వ్యాయామ శిక్షణకై పంపినారు. అక్కడ ఒక సంవత్సరం గడిపి, విజయనగరానికి తిరిగివచ్చి, తాము చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులైనారు. పదిమందిని పడగొట్టగల మల్లుడు మరల విద్యార్థియై వరుసలో నిలబడడం చిన్న విషయం కాదు. దారి మార్చుకొనేవాడు చెల్లించవలసిన మొదటి సుంకం అదే.

ఇక రెండవ సుంకం బ్రతుకుతెరువుకు సంబంధించినది. నెలనెలా జీతం వచ్చే కొలువును వదలి, తునికి చెందిన పొట్టి పంతులుగారి తోడ్పాటుతో రామమూర్తిగారు సర్కస్ నెలకొల్పినారు. ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసులు తెంచడం, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనడం, కదలబోయే మోటారుకార్లను పట్టి ఆపడం ఆయన ప్రదర్శనలు.

కుస్తీకి, ఈ విద్యకు భేదం గొప్పది. కుస్తీలో ఎదుట మరొక మల్లుడు ఉన్నాడు. అతడు జారుతాడు, మోసగిస్తాడు, అలసిపోతాడు. అతని పట్టును బట్టి మన పట్టు మారాలి; ఉన్న సత్తువను పోరు ముగిసే వరకు పొదుపుగా వాడుకోవాలి. గొలుసుకు అలసట తెలియదు. దానిని ఏమార్చడానికి ఎత్తులూ పనికిరావు. ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతటినీ ఒక్క క్షణంలో వెచ్చించాలి. కాబట్టి ప్రాణాయామం, మనోనిగ్రహం ఆయనకు కొత్త సాధనలైనవి. అట్లని పాతవిద్య వృథా పోలేదు. ఏనుగు నిలిచినప్పుడు రొమ్ముపై పరచిన బల్ల బరువును దేహమంతటికీ పంచుతుంది. ఆ బరువు క్రింద చలించక ఉండవలసినవి మెడ, భుజాలు, వీపు. బరిలో మల్లునికి మొదట గట్టిపడేవి కూడా అవే.

కాలం కూడా ఆయనకు కలిసివచ్చినది. ఐరోపాలో పేరుమోసిన శాండో 1905 ప్రాంతంలో భారతదేశంలో పర్యటించినాడు. భారతీయులు దుర్బలులనే నిందకు జవాబు చెప్పాలనే పట్టుదల దేశమంతటా రేగుతున్న రోజులవి. ఒక మల్లుని గెలుపు తాలింఖానాకు గర్వకారణం. తెగిన గొలుసు మాత్రం పరపాలనలో ఉన్న జాతికంతటికీ గర్వకారణమైనది. జనులు ఆయనను కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులెస్ అన్నారు. 1942లో ఆయన కన్నుమూసినారు.

విజయనగరంతో ముడిపడిన మరొక ఉదాహరణ కోటా రామస్వామిగారు. మద్రాసు క్రికెట్టుకు పునాది వేసిన బుచ్చిబాబునాయుడుగారి కుమారులు వీరు. క్రికెట్టు ఇంటి ఆట. కాని కేంబ్రిడ్జిలో చదివే రోజులలో టెన్నిస్ వారిని ముందుకు తెచ్చినది. 1922లో డేవిస్ కప్పు పోటీలలో భారతదేశం పక్షాన ఆడినారు. పదునాలుగు సంవత్సరాల తరువాత, 1936లో, విజయనగరం మహారాజకుమారుని నాయకత్వంలో ఇంగ్లండుకు వెళ్లిన జట్టులో వారున్నారు. నలుబది ఏళ్ల ప్రాయంలో మాంచెస్టరులో తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేసినారు. ఒక ఆటలో గడిపిన యౌవనం మరొక ఆటకు తలుపు మూయలేదు.

అయితే ఆట మార్చిన ప్రతివారికీ కీర్తి చేతికందుతుందని మేము చెప్పజాలము. రామమూర్తిగారు కొలువు వదలిన నాడు ఆయనకు ఏనుగూ లేదు, బిరుదూ లేదు. తెల్లవారుజామున పరుగెత్తి, కబడ్డీ ఆడి, ఇక మరొక ఆటకు పోదునా అని తటపటాయించే యువకుని ఇంటిలో పెద్దలు పోయిన ఏళ్ల లెక్క అడుగుతారు. ఆ లెక్క న్యాయమైనదే. దానితోపాటు అడగవలసిన ప్రశ్నలు మరి రెండు ఉన్నవి. పాత ఆట ఈ దేహంలో ఏమి మిగిల్చినది? కొత్త ఆటలో చిన్నవారి వెనుక, వరుస చివర, నిలబడడానికి మనసు ఒప్పుకొంటున్నదా? ఒప్పుకొన్నవానికి సైదాపేట ఎక్కడైనా దొరుకుతుంది.