ఎల్వా నది తీర్చిన బాకీ

నదికి ఆనకట్ట కట్టినచో నీరు నిలుచునని మనమందరము ఎరుగుదుము. నీటితోపాటు ఒండ్రు కూడ నిలిచిపోవుననియు, ఆ ఒండ్రు సముద్రమునకు రావలసిన సొత్తనియు మనము తలచుట అరుదు. అమెరికా వాయవ్యభాగమున, వాషింగ్టన్ రాష్ట్రములోని ఎల్వా నది చరిత్ర ఈ సంగతిని విశదపరచును.

ఒలింపిక్ పర్వతములలో పుట్టి, సుమారు 72 కిలోమీటర్లు ప్రవహించి, ఈ నది హువాన్ డి ఫ్యూకా జలసంధిలో కలియును. మన గోదావరికి పులసలు ఎదురీది వచ్చునట్లే, సాల్మను చేపలు గ్రుడ్లు పెట్టుటకై కడలినుండి ఈ నదిలోనికి వచ్చుచుండెను. ఆ చేపలే తీరవాసులైన క్లాలమ్ జాతివారికి జీవనాధారము. వారి చేపలవేట హక్కును 1855 నాటి సంధిలో అమెరికా ప్రభుత్వము అంగీకరించెను.

విద్యుచ్ఛక్తి కొరకు 1913 లో ఒక ఆనకట్టయు, 1927 లో దానికి ఎగువన 210 అడుగుల ఎత్తున మరియొకటియు వెలసెను. చేప ఎక్కిపోవుటకు దారి విడువవలెనని 1890 నాటి రాష్ట్రచట్టము విధించినను, రెంటిలో దేనికిని అట్టి దారి లేకపోయెను. సముద్రమునుండి సుమారు 8 కిలోమీటర్ల నది మాత్రమే చేపలకు మిగిలెను. ఇసుకయు గులకరాళ్లును జలాశయములలో పేరుకొనగా, నదీముఖమున తీరము కోతకు గురియై రాళ్లు తేలెను. ఆల్చిప్పలు దొరకు ఇసుకనేల తరిగిపోయెను.

1992 లో అమెరికా కాంగ్రెసు ఈ నదిని పునరుద్ధరింప శాసనము చేసెను. 2011 సెప్టెంబరున మొదలైన కట్టల తొలగింపు 2014 ఆగస్టున ముగిసెను. మొదటి ఐదేండ్లలో సుమారు 2 కోట్ల టన్నుల ఒండ్రు కదలెను. అందులో 90 శాతము వరకు కడలి చేరెను.

దీనివలన సముద్రమునకు మేలే కలిగెనా? తొలుత కీడే కనబడెను. నీరు బురదయై ఎండ లోనికి దిగకపోవుటచే, చేపపిల్లలకు నీడనిచ్చు పెద్దజాతి సముద్రపు నాచు చాలవరకు నశించెను. బురద తగ్గినకొలది అది మరల మొలచెను. ఇసుక దట్టముగ పరచుకొనినచోట మాత్రము నాచు పట్టుకొనుటకు రాయి లేకపోయెను. అచట పీతలును, ఇసుకలో దాగు చిన్నచేపలును చేరెను. నదీముఖమున క్రొత్త ఇసుకతీరము ఏర్పడెను. సముద్రము పూర్వస్థితికి మరలలేదు; క్రొత్తగా కుదురుకొనెను.

ఒక జలాశయము ఇంకగా, క్లాలమ్ వారు తమ జాతి జన్మస్థానముగా భావించు పుణ్యస్థలము 2012 లో బయల్పడెను. చేపలు వృద్ధి పొందుటకై 2011 నుండి వేట నిలిపియున్న ఆ జాతివారు, 2023 అక్టోబరున పరిమితముగా మరల చేపలు పట్టిరి. కట్టలు తొలగించుటకు మూడేండ్లు చాలెను. చేపకొరకు పండ్రెండేండ్లు వేచియుండవలసి వచ్చెను.