బానెట్ కింద చల్లగాలికి చోటు

నిస్సాన్ వారి డాట్సన్ 240జెడ్‌నీ, దాని తర్వాత 1974 మోడల్‌గా అమెరికాలో దిగిన 260జెడ్‌నీ పక్కపక్కన నిలబెడితే కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కూడా ఒక్క చూపులో తేడా పట్టుకోలేరు. అదే పొడవాటి ముక్కు, అదే వాలు వీపు. అసలు తేడాల్లో ఒకటి లోపల దాగి ఉంది. 260జెడ్‌లో ఏసీ యూనిట్ కోసం ఇంజినీర్లు ముందే చోటు వదిలారు. 240జెడ్‌లో ఆ ఏర్పాటు లేదు. ఆ కారుకు ఏసీ కావాలంటే డీలరు తన షెడ్డులో విడిగా బిగించి ఇవ్వాల్సిందే.

జపాన్ స్పోర్ట్స్ కార్ల గురించి రాసేవాళ్లు ఇంజిన్ శక్తికి, పందేల్లో గెలుపులకు పేజీలకు పేజీలు ఇస్తారు. ఏసీ మాట సదుపాయాల జాబితాలో చివరన, రేడియో పక్కన ఎక్కడో తగులుతుంది. ఆ లెక్క సరైంది కాదని నేను నమ్ముతాను. కారు బొమ్మ గీసేటప్పుడే చల్లగాలికి చోటు చూడడం ఆ రోజుల్లో చిన్న నిర్ణయం కాదు. ఈ కారు ఎవరి కోసం, ఏ ఎండలో తిరగడం కోసం అని ముందే తేల్చుకుంటే తప్ప ఆ చోటు వదలరు.

స్పోర్ట్స్ కారన్న ఊహకు పుట్టిల్లు ఐరోపా. ఇంగ్లండులో ఎంజీ, ట్రయంఫ్ కార్లకు టాపు తీస్తే చాలు, కావలసినంత చలిగాలి. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది కాబట్టి అక్కర్లేనిదేదీ కారులో ఉండకూడదన్నది అక్కడి పందెపు మైదానాల్లో స్థిరపడిన నియమం. జపాన్ కంపెనీలూ మొదట ఆ బాటే పట్టాయి. పందేల కోసమని నిస్సాన్ కొద్ది సంఖ్యలో చేసిన ఫెయిర్‌లేడీ జెడ్ 432-ఆర్‌లో ఏసీ సంగతి అలా ఉంచి, హీటరు కూడా పెట్టలేదు.

అయితే జపాన్ వాతావరణం ఇంగ్లండు వాతావరణం కాదు. జూన్‌లో ముసురు పడుతుంది. అది విడిచాక జూలై, ఆగస్టుల్లో మన కోస్తా జిల్లాల వాళ్లకు బాగా తెలిసిన ఉక్కపోతే అక్కడా. 1960ల మధ్యలో జపాన్ మధ్యతరగతి కలలుగన్న మూడు వస్తువులను ‘మూడు సీలు’ అని పిలిచేవారు: కలర్ టీవీ, కూలరు, కారు. ఇంట్లో చల్లగాలీ, వాకిట్లో కారూ రెండూ ఇంకా కలలుగానే ఉన్న కాలంలో, కారులోనే చల్లగాలి అంటే అది బాగా డబ్బున్నవాళ్ల మాట.

1967లో అమ్మకానికి వచ్చిన టయోటా 2000జీటీ అలాంటివాళ్ల కారే. యమహాతో కలిసి తయారు చేశారు. ధర 23 లక్షల 80 వేల యెన్లు. 1970లో ఆపేసేదాకా బయటికి వచ్చినవి 351. ఎత్తు 116 సెంటీమీటర్లే. లోపల కూర్చున్నవాళ్ల కాళ్లకు ఎదురుగా ఆరు సిలిండర్ల ఇంజిన్, ఇద్దరి మధ్యలోంచి గేర్‌బాక్సు వేడి. 1969లో చిన్నచిన్న మార్పులు చేసినప్పుడు కంపెనీయే ఏసీని ఆప్షన్‌గా ఇచ్చింది. ఏసీ ఉన్న కారును దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ముందు గ్రిల్లు కింద గాలి లోపలికి తీసుకోవడానికి అదనంగా ఒక మూతి కనబడుతుంది. అంత అందమైన ముఖానికి అది అడ్డమని అనేవాళ్లు అంటారు. నాకు మాత్రం ఆ కారులో ఇష్టమైన భాగం అదే. లోపల మనిషి ఉన్నాడని బయటికి ఒప్పుకున్న కారు అది.

మూడువందల యాభై కార్లతో లోకం తీరు మారదు. మార్చింది జెడ్ కారు.

నిస్సాన్ తరఫున 1960లో అమెరికా వెళ్లిన యుటాకా కటయామా అక్కడి రోడ్లను, అక్కడి మనుషులను దగ్గర్నుంచి చూసినవాడు. అమెరికన్లు ఆయన్ను ‘మిస్టర్ కె’ అని పిలిచేవారు. జపాన్‌లో ‘ఫెయిర్‌లేడీ’ పేరుతో అమ్మిన కారుకు అమెరికాలో ఆ పేరు పనికిరాదని పట్టుబట్టి 240జెడ్ అన్న పేరు పెట్టించింది ఆయనే. ధర 3,526 డాలర్లు. 2,393 సీసీ ఇంజిన్. ఆ ధరకు అంత కారు ఇంకెక్కడా దొరకదని జనం క్యూ కట్టారు. కొన్నవాళ్లలో కాలిఫోర్నియా, అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా వాళ్లు ఎందరో. అక్కడ వేసవిలో మధ్యాహ్నం కారు తలుపు తెరిస్తే స్టీరింగు ముట్టుకోలేం. పైగా జెడ్ కారుకు వెనక వాలుగా పరచుకున్న పెద్ద అద్దం ఉంది. ఎండంతా దాన్లోంచి నేరుగా సీట్ల మీద పడుతుంది. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లే కారులో ఇది భరించడం కష్టం.

అందుకే డీలర్లు ఏసీ కిట్లు బిగించడం మొదలుపెట్టారు. అమెరికాలో బయట బిగించే కారు ఏసీలకు పెద్ద కేంద్రం టెక్సాస్‌లోని డాలస్, దాని చుట్టుపక్కల ఊళ్లు. ఇవాళ ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో స్థిరపడిన మనవాళ్లకు అక్కడి ఎండ గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆ డాలస్‌లోనే జాన్ ఇ. మిచెల్ అనే కంపెనీ ఉండేది. మొదట పత్తి జిన్నింగ్ యంత్రాలు చేసింది. తర్వాత ఐస్ పానీయాల యంత్రాలు చేసింది. ‘మార్క్ 4’ పేరుతో కారు ఏసీలూ చేసింది. 1970ల మొదట్లో ఈ కంపెనీతో సాంకేతిక ఒప్పందం కుదుర్చుకున్నది జపాన్‌లోని గున్మా ప్రాంతానికి చెందిన సాంక్యో ఎలక్ట్రిక్. సైకిలు డైనమో దీపాలు చేసిన కంపెనీ. తర్వాత సాండెన్‌గా పేరు మార్చుకుంది. ఆ పేరు చెబితే ఇవాళ మన ఊళ్లలో కారు ఏసీ మెకానిక్కులు కూడా తలూపుతారు.

జపాన్‌లో కారు ఏసీలకు ఇంకో దారీ ఉంది. సకిచి టొయోడా 1926లో పెట్టిన మగ్గాల కంపెనీ, అంటే టయోటా కార్ల కంపెనీకి తల్లి, 1960లోనే కారు ఏసీ కంప్రెసర్ల తయారీలోకి దిగింది. ఆ మగ్గాల కంపెనీ ఉన్న కరియా పట్నంలోనే, 1949లో టయోటా నుంచి విడివడిన నిప్పన్‌డెన్సో కారు ఏసీల తయారీలో పెద్ద పేరుగా ఎదిగింది. అటు పత్తి గింజ తీసే యంత్రాలవాళ్లు, ఇటు నేత మగ్గాలవాళ్లు. వేగంగా కదిలే చిన్న ఇనుప భాగాలను వెంట్రుకవాసి తేడా రాకుండా కొయ్యడం రెండు చోట్లా తరాల విద్య. కంప్రెసర్‌కు కావలసిందీ అదే.

బయట బిగించిన ఏసీకీ, కంపెనీ బిగించిన ఏసీకీ తేడా ఎక్కడ వస్తుందో చూడాలంటే ఒకసారి బానెట్ ఎత్తాలి. ఇంజిన్‌కు బెల్టుతో కలిపిన కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కుతుంది. నొక్కేసరికి అది వేడెక్కుతుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో ఆ వేడిని వదిలి ద్రవమవుతుంది. డ్రయర్ దాటి, సన్నటి వాల్వులోంచి డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లోకి చిమ్ముతుంది. అక్కడ ఒత్తిడి పడిపోగానే మరిగి ఆవిరై చుట్టుపక్కల వేడినంతా లాగేసుకుంటుంది. అప్పటి కార్లలో వాడిన ఆర్-12 గ్యాస్ మామూలు ఒత్తిడిలో మైనస్ 29.8 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కాయిల్ మీద గాలిలోని తేమ నీళ్లయి కారిపోతుంది. ముసురు రోజుల్లో ముందు అద్దం మీద మసక పోవడానికి కారణం కూడా అదే. వర్షంలో వేగంగా నడిపేవాడికి ఇది సుఖం కాదు, భద్రత.

ఇందులో ప్రతి మెట్టుకూ ఇంజిన్ మూల్యం చెల్లించాలి. రేడియేటర్ ముందు కండెన్సర్ అడ్డుపెడితే ఇంజిన్‌కు అందేది అప్పటికే వేడెక్కిన గాలి. ట్రాఫిక్‌లో ఆగితే సూది ఎర్రగీత వైపు జరుగుతుంది. 240జెడ్‌కు ఉన్నవి రెండు కార్బురేటర్లు. ఐడిలింగ్‌లో ఇంజిన్ మెల్లగా తిరుగుతుండగా కంప్రెసర్ క్లచ్ ‘టక్’మని పట్టిందంటే ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు కుంగుతుంది, సెట్టింగు సరిగ్గా లేకపోతే ఆగిపోతుంది. ఆ రోజుల్లో బయట బిగించే కిట్లలో ఎక్కువగా ఉండే రెండు పిస్టన్ల యార్క్ కంప్రెసర్ అదురు కూడా తక్కువేం కాదు. దాన్ని పట్టుకున్న బ్రాకెట్ బోల్టులు తరచూ బిగించుకోవాల్సి వచ్చేది. డీలరు ఎంత పనిమంతుడైనా కారు మొత్తాన్ని మళ్లీ డిజైన్ చేయలేడు కదా.

కంపెనీ దిగినప్పుడు ఇవన్నీ ఒక్కొక్కటే చక్కబడ్డాయి. 260జెడ్‌లో చోటు వచ్చింది, డ్యాష్‌బోర్డు మీద గాలి మీటలు చేతికి అందే వరుసలో అమరాయి. 1975లో 280జెడ్‌కు కార్బురేటర్ల స్థానంలో బాష్ పద్ధతి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఏసీ స్విచ్ వేయగానే ఇంజిన్‌కు కాస్త ఎక్కువ గాలి అందించి ఐడిలింగ్‌ను పైకెత్తే చిన్న పరికరం జత చేశారు. అరచేతిలో పట్టే ఆ పరికరం లేకపోతే సిగ్నల్ దగ్గర నిలబడ్డ ప్రతిసారీ డ్రైవరు యాక్సిలరేటర్ మీద కాలు ఆనించే ఉంచాలి. దాన్ని అమర్చిన ఇంజినీరు పేరు ఏ పుస్తకంలోనూ కనబడదు. కానీ రోజువారీ వాడకంలో జెడ్ కారును నమ్మదగిన కారుగా నిలబెట్టింది ఇలాంటి పనే.

1978లో వచ్చిన 280జెడ్‌ఎక్స్ దీన్ని మరీ ముందుకు తీసుకుపోయింది. ఖరీదైన రకాల్లో వేడిని తనంతట తానే సర్దుకునే ఏసీ, మెత్తటి సీట్లు. స్పోర్ట్స్ కారు కాస్తా సోఫా అయిపోయిందని విమర్శకులు మండిపడ్డారు. అందులో కొంత నిజముంది, బండి బరువెక్కింది, మలుపుల్లో పదును తగ్గింది. ఆ తప్పు ఏసీది మాత్రం కాదు. చల్లగాలినీ చురుకుదనాన్నీ ఒకే కారులో కుదర్చవచ్చని తేలడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

1990లో హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ వచ్చింది. షిగెరు ఉయెహారా నాయకత్వంలో అల్యూమినియం శరీరంతో చేసిన కారు. 1989లో సుజుకా ట్రాక్ మీద నమూనా నడిపిన ఫార్ములా వన్ డ్రైవరు అయర్టన్ సెన్నా, కారు శరీరం ఇంకా గట్టిగా ఉండాలన్నాడు, హోండా వాళ్లు గట్టిపరిచారు. ఇందులో ఇంజిన్ సీట్ల వెనక. కాబట్టి కంప్రెసర్ వెనక, కండెన్సర్లు ముందు. మధ్యలో గ్యాస్ పైపులు కారు పొడవునా పోవాలి. ఇటలీ కార్లలో ఏసీ ఉన్నా నామమాత్రమే అన్న పేరున్న కాలంలో, ఎన్‌ఎస్‌ఎక్స్‌లో ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ మొదటి నుంచీ కారుతోపాటే వచ్చింది. ఎవరైనా, ఎక్కడైనా, రోజూ నడుపుకోగల సూపర్ కారు అన్న హోండా మాటకు ఏసీయే సగం రుజువు.

రెండేళ్లకు అదే హోండా ఎన్‌ఎస్‌ఎక్స్-ఆర్ తెచ్చింది. ఏసీ, ఆడియో, స్పేర్ టైరు, శబ్దం రాకుండా పరిచే పొరలు తీసేసి దాదాపు 120 కిలోలు తగ్గించి 1,230 కిలోలకు దించారు. నిస్సాన్ కూడా 1991లో స్కైలైన్ జీటీ-ఆర్ ఎన్1 రకంలో ఏసీ తీసేసింది. ఇది వెనకడుగు కాదు. ట్రాక్ మీదికి వెళ్లేవాడికి బరువే శత్రువు, రోడ్డు మీదివాడికి ఎండ. ఇద్దరికీ రెండు కార్లు. ఎన్‌ఎస్‌ఎక్స్-ఆర్ కొనేవాళ్లకు కూడా హోండా ఏసీని ఆప్షన్‌గా ఉంచింది.

నిప్పన్‌డెన్సో విద్య మన దగ్గరికీ వచ్చింది. 1985లో నిప్పన్‌డెన్సో, సుజుకీల భాగస్వామ్యంతో ఏర్పడ్డ సుబ్రోస్ మారుతి కార్లకు ఏసీలు చేసింది. 796 సీసీ మారుతి 800లో ఏసీ వేస్తే పికప్ ఎలా పడిపోయేదో, ఘాట్ రోడ్డు మలుపు ముందు స్విచ్ ఎలా కట్టేవాళ్లమో ఆ తరం వాళ్లకు గుర్తే. జెడ్ కారు ఇంజినీర్లు పడ్డ బాధ కూడా అదే జాతిది.

260జెడ్ రోడ్డెక్కిన 1974లోనే మరో సంఘటన జరిగింది. మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ అనే శాస్త్రవేత్తలు ఆర్-12 లాంటి క్లోరిన్ గ్యాసులు ఆకాశంలో ఓజోన్ పొరను తినేస్తాయని ‘నేచర్’ పత్రికలో రాశారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడడం బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1990ల నడుమకు కొత్త కార్లన్నీ ఆర్-134ఏ గ్యాస్‌కు మారాయి. పాత కార్ల యజమానులకు అక్కడే చిక్కొచ్చింది. ఆర్-134ఏ పాత మినరల్ ఆయిల్‌తో కలవదు, కాబట్టి నూనె మార్చాలి. కొత్త గ్యాస్ అణువులు చిన్నవి, పాత రబ్బరు గొట్టాల్లోంచి సులువుగా జారిపోతాయి. పాత కండెన్సర్‌తో నడిపితే చల్లదనం తగ్గుతుంది. ఇక ఎన్‌ఎస్‌ఎక్స్‌లో గ్యాస్ బాగున్నా క్లైమేట్ కంట్రోల్ బోర్డు మీది కెపాసిటర్లు ముసలివై కారిపోయి ఫ్యాను మొండికేస్తుంది. టంకం కొట్టడం వచ్చినవాళ్లు మార్చుకుంటారు.

పాత జెడ్ కారును పునరుద్ధరించేవాళ్లలో కొందరు మొదట చేసే పని ఏసీ విప్పి పారేయడం. బరువు తగ్గుతుంది, ఇంజిన్ గది శుభ్రంగా కనబడుతుంది అంటారు. ఆ ఆలోచన నాకు బాధ కలిగిస్తుంది. కంపెనీ చోటు వదిలి పెట్టిన భాగాన్ని పీకేస్తే, ఆ కారు చరిత్రలో ఒక అధ్యాయం చింపినట్టే. మరికొందరు యార్క్ కంప్రెసర్ స్థానంలో ఐదు చిన్న పిస్టన్ల సాండెన్ కంప్రెసర్ బిగించి, కొత్త రకం కండెన్సర్ పెట్టి, లోపలి పొర ఉన్న గొట్టాలు వేసి ఆర్-134ఏ నింపుకుంటున్నారు. అదురు పోతుంది, చల్లదనం వస్తుంది, కారు జూలైలో కూడా బయటికి వస్తుంది. నా ఓటు వీళ్లకే. ఒక్క మాట మాత్రం: విప్పిన పాత బ్రాకెట్లు, మీటలు, స్టిక్కర్లతో సహా అన్నీ చీటీలు కట్టి అట్టపెట్టెలో దాచండి. తర్వాత ఆ కారు కొనేవాళ్లు మొదట అడిగేది ఆ పెట్టెనే.