మన మాట వెబ్‌సైట్ ఎక్కిన దారి



ఊరి వెబ్‌సైట్ అనగానే ముందు కంప్యూటర్ కావాలనుకుంటాం. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌదరి, ఆయన తోటివాళ్లు మొదలుపెట్టిన సీజీనెట్ స్వర మామూలు ఫోన్‌తోనే నడిచింది. చదువురాని అవ్వ కూడా ఫోన్ చేసి, పాడైన బోరింగు గురించి గోండిలోనే చెప్పుకోగలిగేది. బాధ్యులు సరిచూసి వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్లు. విన్నవాళ్లు అధికారులకు ఫోన్లు కొడితే కొన్ని పనులు కదిలాయి.

మాట ఎక్కింది. మరి రాత? మన ఆదిలాబాద్ గుంజాల పెద్దలు దాచిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఆ అక్షరాలు బొమ్మలుగా కాదు, వెతికితే దొరికే రాతగా వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు.

ఫోన్ ఉంది, లిపి ఉంది. ఇక మనమే పెద్దోళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు ఎక్కించాలి. వాళ్లు పోయాక వెబ్‌సైట్ పెట్టి ఏం లాభం?