సరూపతకు హద్దు: లాంబ్టన్ సర్వేలో తెలియని భుజాలు

సోమల, పుంగనూరు, మదనపల్లె ప్రాంతం మద్రాసు తీరమైదానం నుండి మైసూరు పీఠభూమికి నేల లేచే అంచున ఉంది. ఈ అంచును దాటి బెంగుళూరు చేరిన విలియం లాంబ్టన్ సర్వేను పాలనాచరిత్రలో భాగంగానే చదవడం పరిపాటి. అందులోని రేఖాగణితానికి దక్కిన శ్రద్ధ తక్కువ.

1802 ఏప్రిల్ 10న సెయింట్ థామస్ మౌంట్ సమీపాన ఆధారరేఖ కొలత మొదలైంది. దాని పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. కొలిచిన ఉక్కుగొలుసు నూరడుగులది. చైనా చక్రవర్తికి కానుకగా వెళ్లి తిరస్కృతమై వచ్చినది. ఆ తరువాత గొలుసుతో పని లేదు. కొండ నుండి కొండకు థియోడొలైటుతో కోణాలు చూస్తే చాలు. అయితే కోణాలు ఆకారాన్నే నిర్ణయిస్తాయి. అవే కోణాలు గల సరూప త్రిభుజాలు అనంతం. వాటిలో నేలమీదిది ఏదో చెప్పేది కొలిచిన ఒక్క భుజమే. కనుక అక్కడి పొరపాటు అదే నిష్పత్తిలో ప్రతి త్రిభుజానికీ సంక్రమిస్తుంది. 1804లో బెంగుళూరు వద్ద మరో ఆధారరేఖ కొలవడానికి కారణమిదే. గణించిన పొడవుకూ కొలిచినదానికీ తేడా అంగుళాలలోనే తేలింది.

అసలు చిక్కు వేరు. గోళతలంపై త్రిభుజకోణాల మొత్తం 180 డిగ్రీలను మించుతుంది. వైశాల్యం పెరిగినకొద్దీ ఆ అధిక్యమూ పెరుగుతుంది. అంటే ఒకే గోళంపై పరిమాణం వేరైన సరూప త్రిభుజాలు ఉండనే ఉండవు. లాంబ్టన్ ఈ గోళాధిక్యాన్ని లెక్కగట్టి, కోణాలను సవరించి, సమతల త్రిభుజాలుగా మార్చిన పిమ్మటే భుజాలను సాధించాడు.