పాపన్న కోట: పాటయు, పద్దును

సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున జనగామ దాటిన పిదప రఘునాథపల్లి స్టేషను వచ్చును. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండిన యీ ప్రాంతము 2016లో ఏర్పడిన జనగామ జిల్లాలో చేరినది. ఈ మండలములోనే ఖిలాషాపూరను గ్రామము గలదు. ఖిలా యనగా కోట. మూడు వందల యేండ్ల క్రిందట మొగలు అధికారులకు కంటికి కునుకు లేకుండ జేసిన సర్వాయి పాపన్న ఇచ్చట నుండియే తన దండును నడపెను.

ఈ సీమలో పాపన్న కథ యెరుగని వారు అరుదు. జానపద గాయకుల నోట నతడు తాళ్లెక్కు కులమున బుట్టి గోలకొండ నేలగోరిన వీరుడు. ఆ పాటను 1874లోనే బాయిల్ అను ఆంగ్లేయుడు ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో పరిచయము చేసెను. మొగలు చరిత్రకారుడగు ఖాఫీఖాను పారశీకమున వ్రాసిన కథ మరియొక తీరుగా నున్నది. అందులో పాపన్న బాటసారుల గొట్టి బ్రతికిన దుర్మార్గుడు. మనిషి యొక్కడే, కథలు రెండు. ఏది నమ్మవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన వారిలో ఇరువురిని ముందుగా పేర్కొనవలెను. ఒకరు గోలకొండలో మొగలు పరిపాలనను గూర్చి పరిశోధించిన జాన్ రిచర్డ్స్. రెండవవారు మన వెల్చేరు నారాయణరావు. వీరు 1980లో భారత ఆర్థిక సాంఘిక చరిత్రలకు సంబంధించిన ఒక ఆంగ్ల పత్రికలో, పారశీక గ్రంథమును తెలుగు పాటను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించిరి. తరువాత రిచర్డ్ ఈటన్ అను పండితుడు 2005లో ప్రకటించిన దక్కను సాంఘిక చరిత్రలో ఎనిమిది మంది జీవితములను గైకొని, అందొక అధ్యాయమును పాపన్నకు కేటాయించెను.

ఆర్థిక చరిత్రకారుడు ‘వీరుడా, దొంగయా’ అని ముందుగా అడుగడు. సొమ్ము ఎచ్చట నుండి వచ్చినది, ఎవరి చేతికి పోయినది, ఆ మార్పునకు కాలమెట్లు తోడుపడినది అని అడుగును. ఆ దృష్టితో జూచినచో కథ క్రొత్తగా కనబడును.

1687లో ఔరంగజేబు గోలకొండను జయించెను. రాజ్యము మారెను గాని, దక్కనులో యుద్ధములు ఆగలేదు. ఓరుగల్లు, హైదరాబాదుల నడుమ బాట వర్తకులకు ప్రాణము వంటిది; ఓరుగల్లు తివాచీలకు పేరుపొందిన పట్టణము. ఆ బాట ప్రక్కనే పాపన్న తలయెత్తెను. అతని తొలి పెట్టుబడి ఏది? ఖాఫీఖాను చెప్పిన కథలో అది ధనవంతురాలు, వితంతువు నగు అతని అక్కచెల్లెండ్రలో ఒకతె నగలు, సొమ్ము. ఆమెను గొట్టి దోచిన ధనముతో మనుషులను గూర్చుకొని, తరిగొండ యను చోట కోట కట్టెనట. పిదప షాపురమే అతనికి ముఖ్యస్థానమైనది. బంజారాల వేలకొలది ఎద్దులను బట్టి తెచ్చి తన పొలములు దున్నించెనని కూడ ఆ గ్రంథకర్త వ్రాసెను. కనుక ఆ కోటలో దోపిడియే గాక సేద్యమును గలదు.

ఔరంగజేబు 1707లో మరణించెను. వారసుల పోరుతో రాజధాని దృష్టి మరలినది. ఆ అదను చూచి పాపన్న 1708 ఏప్రిల్ 1న, మొహర్రం సందడిలో నున్న ఓరుగల్లు మీద పడెను. గొప్ప కొల్ల దొరకెను. సంపన్నుల కుటుంబములవారు అనేకులు బందీలై షాపురమునకు తరలింపబడిరి. ఆ యేడు జూన్ 1న భువనగిరి మీదికి పోయెను గాని, అంతటి ఫలము దక్కలేదు.

తరువాతి ఘట్టము మిక్కిలి విచిత్రమైనది. 1709 జనవరిలో చక్రవర్తి బహదూర్‌షా హైదరాబాదులో దర్బారు తీర్చినపుడు పాపన్న కానుకలతో హాజరయ్యెను. అతడు చెల్లించిన కప్పము 14 లక్షల రూపాయలని చరిత్రకారులు చెప్పుచున్నారు. బాటలు గొట్టిన సొమ్ము పాదుషా ఖజానాకు చేరినది; దానికి బదులుగా అతనికి గౌరవవస్త్రము దక్కినది. దోపిడికిని కప్పమునకును నడుమ గోడ యెంత పలుచనిదో యీ యొక్క ఘట్టము చూపును. కాని బందీల బంధువులగు పెద్దలు మొరపెట్టుకొనగా చక్రవర్తి మనసు మార్చుకొనెను. సేనలు కదలెను. కోటలోని బందీలే తిరుగబడిరి. 1710లో పాపన్న పట్టుబడి వధింపబడెను.

మతములు మతములతో పోరాడిన కథ యిది కాదని కూడ ఈ పరిశోధన వలన తేలినది. పాటలో వినబడు పాపన్న అనుచరులలో చాకలి, మంగలి, కుమ్మరి మొదలగు వృత్తులవారును, ముస్లిములును గలరు. అతని నెదిరించిన వారిలో మొగలు అధికారులును, హిందూ భూస్వాములును గలరు. కలిమిగలవారొక ప్రక్కను, కలిమికి దూరమైనవారొక ప్రక్కను నిలిచినట్లు కానవచ్చును.

ఇంత విలువైన పరిశోధన ఆంగ్లమున, గ్రంథాలయముల అరలలో నుండిపోవుట న్యాయమా? ఎవరి కోటను గూర్చి వ్రాసిరో ఆ కోట నీడన పశువుల మేపు బాలునికి అది చేరవలదా? పాట చెవికి చేరినది, పద్దు చేరలేదు. ఇదియే చింతింపదగిన విషయము.

చెవి ద్వారమున చరిత్రను పంచుట క్రొత్త మాట కాదు. ఇంగ్లండులో ఐలీన్ పవర్ అను విదుషి 1931లో లండను ఆర్థికశాస్త్ర విద్యాలయమున ఆర్థిక చరిత్రాచార్యురాలయ్యెను. ఆమె 1924లో ప్రకటించిన గ్రంథములో రాజులకు బదులు బోడో అను సామాన్య కృషీవలుని దినచర్యను, ఒక మఠము వారి భూముల పద్దుల నుండి యెత్తి చూపెను. అంతటితో నాగక, తన చెల్లెలు రోడాతో గూడి బి.బి.సి. రేడియోలో బడిపిల్లలకు చరిత్ర చెప్పెను. పద్దుల పుస్తకము మాటలాడగలదని ఆమె ఋజువు చేసెను.

నేడా పని మరియొక సాధనమున సాగుచున్నది. 2004లో వాడుకలోనికి వచ్చిన ‘పాడ్‌కాస్ట్’ అను పేరుగల శ్రవ్యప్రసంగములను వినువారు తమకు వీలైన వేళ చేతిలోని ఫోనులోనే వినవచ్చును. ఆర్థిక చరిత్రకారులు పన్నులు, ధరలు, కరవులు, వర్తకము మున్నగు విషయములను ఈ మార్గమున సామాన్యులకు వివరించుచున్నారు. రేడియోలో ప్రసంగమునకు నిమిషముల లెక్క గలదు; ఇచ్చట ఒక గంటసేపు తీరికగా ముచ్చటింపవచ్చును, వదలినదానిని మరల వినవచ్చును.

అయితే మాటలాడువానికి ఒక ధర్మము గలదు. ఖిలాషాపూరు ప్రజలకు పాపన్న కథ చెప్పునపుడు వారికి ప్రియమైన వీరుని మాత్రమే చూపి, దోపిడికి గురియైన తోబుట్టువును, ఎద్దులు పోగొట్టుకొన్న బంజారాను దాచుట తగదు. అట్లే రాజాస్థానమున వ్రాసిన మాట యని ఖాఫీఖానును మాత్రమే నమ్మి, వేలమంది పేదలు అతని వెంట ఏల నడచిరో అడుగకుండుటయు తగదు. పాటలో ప్రజల యాశ యున్నది. పద్దులో ఆ యాశకు చెల్లిన వెల యున్నది. రెండును వినిపించినపుడే అది చరిత్ర యగును.

శ్రోతలు ఈసారి ఆ రైలులో పోవునపుడు రఘునాథపల్లి వద్ద ఒక్కమారు కిటికీ వెలుపలికి చూడుదురు గాక. చెంత కూర్చున్న పిల్లలకు పాపన్న పాటను చెప్పుడు. పాట ముగిసిన పిదప, “ఆ సొమ్ము ఎవరిది?” అని యొక ప్రశ్న కూడ వేయుడు. ఆ ప్రశ్నతోనే ఆర్థిక చరిత్ర ఆరంభమగును.